లిబ్స్ గన్ను ఒక అంకె, ల్యాబ్ ఒక అంకె: ఓనరు గారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. బొబ్బిలి దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ యూనిట్‌లో ల్యాబ్ కెమిస్టుగా చేస్తున్నాను. మాది సిలికో మాంగనీస్, అంటే స్టీలు తయారీలో కలిపే మాంగనీస్, సిలికాన్, ఇనుముల మిశ్రమ లోహం. పోయిన నెల ఒక సేల్స్ అతను లిబ్స్ గన్ను (లేజర్‌తో లోహంలో ఏ మూలకం ఎంతుందో చూపే చేతి పరికరం) ట్రయల్‌కి ఇచ్చి వెళ్లాడు. లేజర్‌తో కొడితే రెండు మూడు సెకన్లలో మాంగనీస్, సిలికాన్ శాతాలు వచ్చేస్తాయని, చంద్రయాన్‌లో పంపింది కూడా ఇదేనని మా ఓనరు గారికి చెప్పాడు. ఒకే లంపు మీద మూడు చోట్ల కొడితే మాంగనీస్ 66, 58, 71 వచ్చింది. ఆ లాటుకి నా ల్యాబ్‌లో టైట్రేషన్ (రసాయన ద్రావణంతో కొలిచే పద్ధతి) చేస్తే వచ్చిన రిజల్టు 61.4. ‘చంద్రుడి మీద పనిచేసిన మెషీన్ తప్పా, నీ టైట్రేషన్ తప్పా?’ అని ఓనరు గారు అడిగారు. ఈమధ్యే ఒక లోడులో ఫాస్ఫరస్ ఎక్కువుందని కొన్నవాళ్లు రేటు కోశారు. గన్ను స్క్రీన్ మీద ఫాస్ఫరస్ అసలు కనిపించడమే లేదు. గన్ను కొంటే ల్యాబ్‌లో ఇద్దరెందుకు అన్న మాట కూడా వచ్చింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గన్ను వద్దని చెప్పాలా? చెబితే ఉద్యోగం కోసమే అంటున్నానని అనుకోరా? 
– ఒక కెమిస్టు, విజయనగరం జిల్లా

సమాధానం: మీ టైట్రేషన్ మీద అనుమానం పెట్టుకోకండి. గన్ను కూడా అబద్ధం చెప్పలేదు. లంపు మీద మీరు కొట్టిన మూడు చుక్కల్లో ఏముందో తనలో ఉన్న లెక్క ప్రకారం అది చెప్పింది. మీ ల్యాబ్ మొత్తం లాటులో ఎంతుందో చెప్పింది. ఓనరు గారు ఈ రెండింటినీ ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబులనుకుంటున్నారు, గొడవంతా అక్కడే ఉంది. దీన్ని ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు గన్ను లోపల ఏం జరుగుతుందో మీకు బాగా తెలిసి ఉండాలి.

ట్రిగ్గర్ నొక్కగానే లేజర్ పల్స్ ఒకటి బయటికొస్తుంది. అది కొన్ని నానోసెకన్లు మాత్రమే ఉంటుంది, శక్తి కూడా కొన్ని మిల్లీజౌళ్లే. కానీ ఆ శక్తంతా మిల్లీమీటర్లో పదో వంతు ఉండే చుక్క మీద పడేసరికి అక్కడి లోహం ఆవిరై, పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మా అవుతుంది. మొదట్లో ఆ ప్లాస్మా అంతా కలగలిసిన తెల్లటి వెలుగే ఇస్తుంది, అందులో ఏ మూలకాన్నీ విడదీయలేం. అందుకని డిటెక్టర్ ఒక మైక్రోసెకను అటూ ఇటూ ఆగుతుంది. ప్లాస్మా చల్లబడుతుండగా ఒక్కో మూలకం తనకే చెందిన గీతల్లో, అంటే తనకే చెందిన తరంగదైర్ఘ్యాల్లో, వెలుగు విడుస్తుంది. సిలికాన్ 288.16 నానోమీటర్ల దగ్గర, మాంగనీస్ 403 దగ్గర మూడు గీతలుగా, కార్బన్ 193.09 దగ్గర కనిపిస్తాయి. గీత ఎంత బలంగా ఉంటే మూలకం అంత ఎక్కువున్నట్టు.

ఆ వెలుగు నుంచి ‘66 శాతం’ అన్న అంకె దానంతటది రాదు. తెలిసిన శాతాలున్న నమూనాల మీద ముందే కొట్టి, వెలుగుకీ శాతానికీ ఉన్న లెక్కను పరికరంలో ఎక్కించి ఉంచుతారు. అదే క్యాలిబ్రేషన్. మీకొచ్చిన గన్నులో ఉన్న క్యాలిబ్రేషన్ ఏ లోహానిదో ముందు అడగండి. ఇలా చేతిలో పట్టుకుని కొట్టే గన్నులు ఎక్కువగా స్టీలు గ్రేడ్లు, అల్యూమినియం గ్రేడ్లు విడదీయడానికి అమ్ముడవుతాయి. స్టీలులో మాంగనీస్ సాధారణంగా ఒకటి రెండు శాతం. మీ దగ్గర 60/14 గ్రేడంటే మాంగనీసే అరవై, సిలికాన్ పద్నాలుగు. స్టీలు కోసం కట్టిన లెక్కతో సిలికో మాంగనీస్‌ని కొలిస్తే స్క్రీన్ మీద ఏదో ఒక అంకె వస్తుంది, కానీ దాని మీద బిల్లు వేయకూడదు.

ఇందులో ఇంకో చిక్కుంది, మీ లోహానికి ఇది చాలా ముఖ్యం. మాంగనీస్‌కి 403 గీతలు చాలా బలమైనవి. మూలకం అరా ఒకటీ శాతం ఉన్నప్పుడు అవి బాగా పనికొస్తాయి. అరవై శాతానికి వచ్చేసరికి ప్లాస్మా నడిబొడ్డున పుట్టిన వెలుగును దాని అంచుల్లో ఉన్న చల్లటి మాంగనీస్ పరమాణువులే మింగేస్తాయి. దీన్ని సెల్ఫ్ అబ్సార్ప్షన్ అంటారు. అక్కడ శాతం పెరుగుతున్నా వెలుగు అంతగా పెరగదు, గ్రాఫు వంగిపోయి చదునవుతుంది. 58కీ 66కీ తేడా పట్టాల్సిన చోటే గన్ను తడబడుతుంది. తెలిసినవాళ్లు అలాంటప్పుడు 480 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న మాంగనీస్ బలహీన గీతలు వాడతారు. సేల్స్ అతన్ని ‘మాంగనీస్‌కి ఏ గీత వాడుతున్నారు?’ అని ఒక్క మాట అడగండి. సమాధానం ఎంత సూటిగా వస్తుందో దాన్నిబట్టి ఆ కంపెనీకి ఫెర్రో అల్లాయ్స్ సంగతి ఎంత తెలుసో మీకే అర్థమవుతుంది.

ఇక శాంపిలింగ్. ఈ ఉత్తరానికి జవాబు రాయాలనిపించిందే దీని గురించి. ఒక్కో షాట్‌కి లేచే లోహం మైక్రోగ్రాము దాటదు. వెయ్యి షాట్లు కొట్టినా ఒక మిల్లీగ్రాము. మీ లారీలో 25 టన్నులు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు, నిజమే, ఒకే ఎసట్లో ఉడికిన మెతుకులు కాబట్టి. సిలికో మాంగనీస్ లంపు అలా ఉండదు. అచ్చులో పోసినప్పుడు అడుగున ఉన్నది ముందు గడ్డకడుతుంది, పైన ఉన్నది తర్వాత. మాంగనీస్, సిలికాన్, కార్బన్ కలిసి వేర్వేరు ఫేజులుగా, అంటే కూర్పు వేరుగా ఉండే గింజలుగా, విడిపోతాయి. లంపుని సుత్తితో పగలగొట్టి ఆ ముఖాన్ని ఎండలో తిప్పి చూడండి. ఒకచోట నిగనిగలాడే పలకలు, పక్కనే బూడిదరంగు ముతక గింజలు, ఎక్కడో సన్నటి స్లాగ్ (ఫర్నేసులో లోహం నుంచి విడిపోయే మడ్డి) చార కనిపిస్తాయి. మీ 66, 58, 71 మధ్య తేడా వచ్చింది ముఖ్యంగా ఇక్కడినుంచే. గన్ను చుక్క ఆ గింజలంత సైజులో ఉంది, ఒకసారి ఒక గింజ మీద పడింది, ఇంకోసారి మరో గింజ మీద. లంపు పైతోలు మీద కొట్టి ఉంటే ఇంకా ఘోరం, అక్కడ ఆక్సైడూ అంటుకున్న స్లాగూ ఉంటాయి.

మీ ల్యాబ్ ఏం చేస్తుంది? లాటు నలుమూలల నుంచి ముక్కలు తీసి, జా క్రషర్‌లో వేసి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి, మళ్లీ నలిపి, చివరికి పల్వరైజర్‌లో మెత్తటి పొడి చేస్తుంది. అందులోంచి తూచుకున్న కాస్త పొడి మొత్తం లాటు తరఫున మాట్లాడుతుంది. సిలికాన్ ఎక్కువున్న ఈ లోహం మామూలు ఆమ్లాలకు లొంగదు కాబట్టి సోడియం పెరాక్సైడ్‌తో ఫ్యూజన్ చేసి (కలిపి బాగా వేడిచేసి), ద్రావణంగా కరిగించి, ఆ తర్వాతే టైట్రేషన్‌కి వస్తారు. పూట పడుతుంది. ఆ పూటలో సగం పైగా శ్రమ మొత్తం లాటుకి సరితూగే శాంపిల్ తయారు చేయడానికే. ఆ శ్రమ గన్నుకీ కావాలి. క్రషరూ పల్వరైజరూ లేకుండా లంపు మీద కొట్టే గన్ను ఎంత ఖరీదైనదైనా సరే, దాని రీడింగ్‌తో లారీ పంపకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. 25 టన్నుల లోడులో మాంగనీస్ ఒక్క శాతం అటూ ఇటూ అయితే 250 కిలోల మాంగనీస్ లెక్క మారుతుందని ఓనరు గారికి చెప్పండి. కెమిస్ట్రీ కంటే ఆ లెక్క ఆయనకు త్వరగా ఎక్కుతుంది.

చంద్రయాన్ మాట నిజమే. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3లో ప్రజ్ఞాన్ రోవర్‌కి లిబ్స్ పరికరం ఉంది. దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిలో గంధకం ఉందని పట్టింది అదే. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, క్రోమియం, టైటానియంతో పాటు మన మాంగనీసూ సిలికానూ కూడా కనిపించాయని ఇస్రో చెప్పింది. దీన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటీ అనకండి, మనం గర్వపడాల్సిన పని అది. అయితే అక్కడ లిబ్స్‌ని ముందుగా అడిగింది ‘ఏమేమి ఉన్నాయి?’ అని. మీ కొనుగోలుదారు అడిగేది ‘ఫాస్ఫరస్ 0.30 శాతం దాటిందా లేదా?’ అని. ఇంకో సంగతి కూడా ఓనరు గారికి చెప్పండి. అదే రోవర్ మీద ఏపీఎక్స్‌ఎస్ అనే వేరే పరికరం, ఎక్స్‌రే పద్ధతిలో పనిచేసేది, గంధకం ఉందని విడిగా నిర్ధారించింది. చంద్రుడి మీద కూడా ఒక పద్ధతిలో తేలినదాన్ని రెండో పద్ధతితో సరిచూశారు. బొబ్బిలిలో ఆ రెండో పద్ధతి మీ ల్యాబే.

ఫాస్ఫరస్ దగ్గర కాస్త ఆగాలి, మీకు డబ్బు పోయింది అక్కడే కాబట్టి. మన కోడూరు, గర్భాం, గరివిడి వైపు మాంగనీస్ ఖనిజానికి అపటైట్ అనే ఫాస్ఫరస్ ఖనిజం తోడుంటుంది, అందుకే మన జిల్లా ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువన్న పేరు ఎప్పటినుంచో ఉంది. 1890ల్లో ఇక్కడ తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ ఈ ఖనిజంతో పనిచేసేవాళ్లకిది తెలిసిన తలనొప్పే. ఫర్నేసులో వాడే కోక్ బొగ్గు బూడిదలోంచి ఇంకొంత వస్తుంది. ఫర్నేసులోకి వెళ్లిన ఫాస్ఫరస్ చాలావరకు స్లాగ్‌లోకి పోదు, లోహంలోకే దిగుతుంది. అంటే లోడు ఎక్కించేటప్పుడు కొలిచి చేసేదేమీ ఉండదు, చార్జ్ (ఫర్నేసులో వేసే ఖనిజం, కోక్ మిశ్రమం) కలిపేటప్పుడే పట్టుకోవాలి. లిబ్స్‌కి ఫాస్ఫరస్ కష్టమైన మూలకం. పనికొచ్చే గీతలు 213.6, 214.9 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత ప్రాంతంలో ఉన్నాయి, అవి బలహీనమైనవి, పైగా ఇనుము గీతలు పక్కనే ఉండి కప్పేస్తాయి. స్క్రీన్ మీద ఫాస్ఫరస్ కనిపించలేదంటే ‘లేదు’ అని కాదు, గన్ను దాన్ని చూడటం లేదని. కాబట్టి ఖనిజం స్టాకు మార్చిన ప్రతిసారీ, కోక్ లోడు మారిన ప్రతిసారీ ఫాస్ఫరస్‌ని ల్యాబ్‌లో రసాయనాలతో చేసే మీ ఫాస్ఫోమాలిబ్డేట్ పద్ధతిలోనే చేయండి. మూడు నాలుగు స్టాకుల ఫాస్ఫరస్ చేతిలో ఉంటే ఏది ఎంత కలిపితే గ్రేడు దాటకుండా ఉంటుందో మీరే లెక్క కట్టి షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవ్వగలరు. రేటు కోత ఆగేది దీంతోనే. ఓనరు గారికి ల్యాబ్ విలువ కనిపించేదీ ఇక్కడే.

కార్బన్ గురించి ఒక్క మాట. 193 గీతను గాలి మింగేస్తుంది, అందుకని ఆర్గాన్ వాయువు ఊదే ఏర్పాటున్న గన్ను కావాలి. 247.86 దగ్గర ఇంకో గీత ఉంది కానీ అక్కడ ఇనుము అడ్డొస్తుంది. మీకు కంబషన్ ఇన్‌ఫ్రారెడ్ ఎనలైజర్ (నమూనాని కాల్చి, వచ్చిన వాయువుల్ని కొలిచే యంత్రం) ఉంటే కార్బన్, గంధకం దానికే వదిలేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: గన్ను వద్దని చెప్పాలా? చెప్పొద్దు. వద్దంటే మీరు భయపడినట్టే ఉంటుంది, నిజంగా పనికొచ్చే పరికరం కూడా చేజారుతుంది. దానికి సరైన చోటు చూపించండి. స్క్రాప్ వచ్చినప్పుడు, మెయింటెనెన్స్‌కి పైపులు, బోల్టులు, ప్లేట్లు కొన్నప్పుడు గన్ను చాలా మేలు చేస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలని చెప్పి 201 రకం అంటగట్టడం మీరూ చూసే ఉంటారు. 304లో నికెల్ 8 శాతం పైన, మాంగనీస్ 2 లోపు ఉండాలి. 201లో నికెల్ 3.5 నుంచి 5.5, మాంగనీస్ 5.5 నుంచి 7.5. ఇంత తేడాని గన్ను గేటు దగ్గరే సెకన్లలో పట్టేస్తుంది, సరుకు దించకుండానే వెనక్కి పంపొచ్చు. అక్కడ పైన ఉన్న పెయింటూ తుప్పూ గ్రైండర్‌తో తీసి కొట్టాలి. గ్రైండింగ్‌కి సిలికాన్ కార్బైడ్ డిస్కు మాత్రం వద్దు. దాని గింజలు లోహంలో ఇరుక్కుని సిలికానూ కార్బనూ లేనిచోట చూపిస్తాయి. అల్యూమినా గానీ జిర్కోనియా గానీ వాడండి. (మీ లంపుల మీద కొట్టేముందు ఎవరైనా సిలికాన్ కార్బైడ్ డిస్కుతో రుద్ది ఉంటే ఆ సిలికాన్ రీడింగులు కూడా పక్కన పడేయండి.)

ఇంకో చోటుంది, నాకు దీని మీద ఎక్కువ ఆశ. స్లాగ్. ఫర్నేసులోంచి కరిగిన సరుకు తీసే ఒక ట్యాపింగ్‌కీ ఇంకో ట్యాపింగ్‌కీ మధ్య స్లాగ్‌లో కాల్షియం, మెగ్నీషియం, మాంగనీస్ ఎటు కదులుతున్నాయో ఫర్నేస్ వాళ్లకు త్వరగా తెలిస్తే చాలా లాభం, ఎందుకంటే స్లాగ్‌లో మిగిలిన మాంగనీస్ పారబోసిన డబ్బే. అక్కడ రెండో దశాంశం అక్కర్లేదు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చాలు. స్లాగ్‌ని పొడి చేసి ప్రెస్‌లో బిళ్లలు కట్టి, మీరు తడి పద్ధతిలో (ద్రావణాలతో) చేసి ఉంచిన పాత స్లాగ్ నమూనాలతోనే క్యాలిబ్రేషన్ కట్టించండి. పొడి బిళ్లకీ గట్టి లంపుకీ ఒకే శాతం ఉన్నా వెలుగు ఒకేలా రాదు, దాన్నే మ్యాట్రిక్స్ ఎఫెక్ట్ అంటారు. అందుకని బిళ్లలు కొలవాలంటే క్యాలిబ్రేషన్ కూడా బిళ్లల మీదే ఉండాలి.

ట్రయల్ ఇంకా నడుస్తోంది కాబట్టి రేపటినుంచే ఒక పట్టిక మొదలుపెట్టండి. రోజువారీ లాట్ల నుంచి పల్వరైజ్ చేసిన పొడిలోనే కొంత తీసి బిళ్ల కట్టి, దాని మీద చోట్లు మారుస్తూ పదహారు షాట్లు కొట్టి సగటు రాయండి. పక్కన అదే పొడికి మీ టైట్రేషన్ అంకె, ఆ పక్కన తేడా. ఒక పాతిక లాట్లు అలా చేస్తే చాలు. తేడాలు కొన్ని ఎక్కువవైపు, కొన్ని తక్కువవైపు పడితే అది చెదురు, షాట్లు పెంచితే తగ్గుతుంది. పదహారు షాట్ల సగటులో చెదురు ఒక్క షాట్‌లో ఉన్నదానికి నాలుగో వంతు అవుతుంది. తేడాలన్నీ ఒకేవైపు పడితే మాత్రం ఎన్ని షాట్లు కొట్టినా పోదు, అది క్యాలిబ్రేషన్ లోపం. కంపెనీ వాళ్లు వచ్చి మీ నమూనాలతో సరిచేయాలి. ఈ పనికి సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్ (శాతాలు ధ్రువీకరించి అమ్మే నమూనా) ఒకటి రెండు కొనమని అడగండి. మీ టైట్రేషన్‌ని కూడా దాని మీద సరిచూసుకుని ఆ కాగితం పట్టికతో జతచేయండి. రెండు మూడు శాంపిళ్లు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న బయటి ల్యాబ్‌కి పంపిస్తే ఇంకా మంచిది. అప్పుడిది మీకూ గన్నుకూ మధ్య పోటీలా ఉండదు.

ఎక్స్‌రేతో కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ను అయితే ఎలా ఉంటుందని ఓనరు గారు అడగొచ్చు. మాంగనీస్ లాంటి బరువైన మూలకాలకి అది నిలకడగా ఉంటుంది, చుక్క కూడా కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు. కార్బన్‌ని అస్సలు చూడలేదు. ఎక్స్‌రే పరికరం కాబట్టి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) నిబంధనలు వర్తిస్తాయి. శాంపిల్ తయారీ దానికీ తప్పదు.

ఉద్యోగం సంగతి. గన్ను వస్తే రోజుకి చేసే టైట్రేషన్లు తగ్గొచ్చు, అది నిజం, దాచి లాభం లేదు. కానీ దాని క్యాలిబ్రేషన్ చూసుకోవడం, వారానికోసారి సరిచూడటం, అది ఎప్పుడు పక్కదారి పడుతోందో పట్టుకోవడం తెలిసిన మనిషి యూనిట్‌లో ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషి మీరే కావాలి. ట్రయల్ రోజుల్లో గన్నుని సేల్స్ అతని చేతిలో వదిలేయకండి, మీరే పట్టుకుని తిప్పండి, మెనూలన్నీ తెరిచి చూడండి, స్పెక్ట్రమ్ చూపించమని అడిగి గీతలు గుర్తుపట్టడం నేర్చుకోండి. మీతో పనిచేసే రెండో ఆయనకీ నేర్పండి. ఓనరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ‘సార్, ఇది స్క్రాప్‌కీ స్లాగ్‌కీ కొందాం, డిస్పాచ్‌కీ ఫాస్ఫరస్‌కీ ల్యాబ్ రిజల్టే పెట్టుకుందాం, ఇదిగో పాతిక లాట్ల లెక్క’ అని కాగితం ముందు పెట్టి మాట్లాడండి. కొనేవాళ్లతో తేడా వస్తే మూడో శాంపిల్ సీలు వేసి ఇరుపక్షాలూ ఒప్పుకున్న అంపైర్ ల్యాబ్‌కి పంపే షరతు పర్చేజ్ ఆర్డర్‌లో ఉందో లేదో కూడా అదే రోజు అడగండి. లేకపోతే పెట్టించండి.

చివరగా కళ్లు. ఈ గన్నుల్లో చాలావాటి లేజర్ 1064 నానోమీటర్లది. కంటికి కనిపించదు, కానీ నేరుగా వెళ్లి రెటీనాని కాల్చేస్తుంది, మెరిసే లోహం మీద నుంచి తిరిగొచ్చినా ప్రమాదమే. ముక్కు భాగం శాంపిల్‌కి ఆనితే తప్ప లేజర్ రాకుండా ఆపే సెన్సర్ ఉందా, పనిచేస్తోందా అని ముందు చూడండి. మామూలు వెల్డింగ్ అద్దాలు సరిపోవు, ఆ తరంగదైర్ఘ్యానికే చేసిన లేజర్ కళ్లజోళ్లు కావాలి, కొట్టేవాళ్లకీ పక్కన నిలబడి చూసేవాళ్లకీ. ట్రయల్ గన్నుతో పాటు అవి ఇవ్వకపోయి ఉంటే, ఇచ్చేదాకా బ్యాటరీ తీసి బీరువాలో పెట్టించండి.